అమ్మానాన్నలతో కాలిఫోర్నియా రెస్టారెంట్‌లో భోజనం: అందరూ కడుపునిండా తినేలా ఎలా ఏర్పాటు చేయాలి?

ఏప్రిల్ వచ్చిందంటే ఫ్రీమాంట్, సన్నీవేల్, కూపర్టినో పార్కుల్లో సాయంత్రం పూట ఎక్కడ చూసినా ఊళ్ళ నుంచి వచ్చిన అమ్మానాన్నలే. జెట్‌లాగ్ తీరి, లివర్మోర్ గుడి, గోల్డెన్ గేట్ వంతెన చూపించాక, ఒకరోజు ఇక్కడి వాళ్ళు తినే తిండి కూడా వాళ్ళకి రుచి చూపిద్దామనిపిస్తుంది. కానీ చాలామంది అక్కడే జంకి మళ్ళీ దోసెల హోటల్‌కే తీసుకెళ్ళిపోతారు. దయచేసి అలా చేయకండి. ఇక్కడి కూరగాయలు, పళ్ళు, కట్టెల పొయ్యి మీద కాల్చిన రొట్టె మన పెద్దవాళ్ళు ఇష్టంగా తినగలిగినవే.

మరి తీసుకెళ్ళిన చోట వాళ్ళు సరిగ్గా ఎందుకు తినరు? నేను చూసినంతలో, రుచి కన్నా మొహమాటమే పెద్ద అడ్డు. మెనూలో ఒక్క ముక్కా అర్థం కాదు, ఎదురుగా పెట్టిన పళ్ళెంలో ఏం కలిసిందో తెలియదు, పదే పదే అడిగితే పిల్లలకి చిన్నతనమేమోనని సందేహం. దాంతో "నాకు ఆకలిగా లేదురా, మీరు తినండి" అనేస్తారు. ఆ మాట రాకుండా చూడాలంటే పనంతా ముందే జరగాలి. రెస్టారెంట్‌లో కూర్చున్నాక మీరు చేయగలిగేది తక్కువ.

మొదటి మెట్టు: చోటు ఎంచుకోవడం

కాలిఫోర్నియా వంట అని దేన్నంటారో ముందు కాస్త తెలుసుకుంటే ఎంపిక సులువవుతుంది. 1971లో బర్క్‌లీలో ఆలిస్ వాటర్స్ షే పనీస్ అనే రెస్టారెంట్ తెరిచారు. ఫ్రెంచి పద్ధతిలో మొదలైన ఆ వంటిల్లు, చుట్టుపక్కల పొలాల్లో ఆ వారం ఏది బాగా పండితే దాన్నే వండాలన్న పట్టుదలతో పేరు తెచ్చుకుంది. కింది అంతస్తులో ఆ రోజుకి వాళ్ళు నిర్ణయించిన భోజనమే ఉంటుంది. 1980లో పై అంతస్తులో కట్టెల పొయ్యితో ఒక కెఫే పెట్టారు. అక్కడ ఎవరికి కావలసింది వాళ్ళు చెప్పుకోవచ్చు. 1982లో లాస్ ఏంజెలిస్ వైపు వుల్ఫ్‌గాంగ్ పక్ స్పాగో తెరిచి పొగబెట్టిన సాల్మన్ చేపతో పిజ్జా పెట్టారు. ఇవాళ బే ఏరియాలో, అంటే శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, ప్రతి ఊళ్ళోనూ కనిపించే హంగూ ఆర్భాటం లేని (క్యాజువల్) రెస్టారెంట్లు ఈ పై అంతస్తు కెఫే దారిలో వచ్చినవే. టేబుల్ మీద తెల్లబట్ట ఉండదు, జీన్స్ వేసుకుని వెళ్ళొచ్చు, వంటిల్లు ఎదురుగా కనిపిస్తుంది, మెనూ కాలాన్ని బట్టి మారుతుంది.

కుటుంబంతో వెళ్ళడానికి కావలసింది ఈ రకమే. ఎంచుకునేటప్పుడు నేను నాలుగు విషయాలు చూస్తాను. పిజ్జా పొయ్యి ఉందా, కూరగాయల పళ్ళేలు కనీసం అయిదారు ఉన్నాయా, బయట కూర్చునే చోటు ఉందా, పిల్లల మెనూ ఉందా. సంగీతం హోరెత్తించే చోట్లు పెద్దవాళ్ళకి పనికిరావు. అసలే చెవి కాస్త తగ్గిన నాన్న రెండు గంటలు ఊరికే నవ్వుతూ కూర్చుంటారు.

ఇంట్లో పూర్తి శాకాహారులుంటే మాత్రం నా మొదటి మాట శాన్ ఫ్రాన్సిస్కో ఫోర్ట్ మేసన్‌లోని గ్రీన్స్. 1979లో అక్కడి జెన్ బౌద్ధ కేంద్రం వాళ్ళు మొదలుపెట్టారు. మాంసం, చేప అసలు వండరు. కిటికీల్లోంచి గోల్డెన్ గేట్ వంతెన కనిపిస్తుంది. "ఇందులో ఏం కలిసిందో" అన్న బెంగ అమ్మకి ఉండదు కాబట్టి ఆమె ధ్యాస తిండి మీదే ఉంటుంది.

కాలం కూడా చూసుకోండి. అమ్మానాన్నలు ఎక్కువగా వేసవికి వస్తారు కనుక ఇది మనకి కలిసొచ్చే విషయం. ఏప్రిల్, మే నెలల్లో ఆస్పరాగస్, పచ్చి బఠాణీ, ఆర్టిచోక్, స్ట్రాబెర్రీ బాగుంటాయి. జులై నుంచి సెప్టెంబర్ దాకా టమాటా, మొక్కజొన్న, పీచ్ పళ్ళు. అక్టోబర్‌లో అంజీర, దానిమ్మ, ద్రాక్ష. చలికాలం వస్తే నారింజ జాతి పళ్ళు, డంజనెస్ పీతలు. ఏ నెలలో వెళ్తున్నారో ఆ నెల పంటనే అడగండి. జనవరిలో టమాటా పళ్ళెం చెప్పి బాగాలేదనడం ఆ వంటవాళ్ళకి అన్యాయం.

రెండో మెట్టు: టేబుల్, సమయం

శుక్ర, శనివారాలు సాయంత్రం ఏడింటికి వెళ్ళకండి. అయిదున్నరకి బుక్ చేయండి. అప్పుడు వంటిల్లు ప్రశాంతంగా ఉంటుంది, సర్వర్‌కి మీ ప్రశ్నలు వినే ఓపిక ఉంటుంది, పిల్లలకి నిద్ర రాదు, వేసవిలో వెలుతురు ఎనిమిది దాకా ఉంటుంది. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళకి మాత్రం సమయం ముందే చెప్పి, మధ్యాహ్నం తిండి దానికి తగ్గట్టు జరపండి. ఊళ్ళో రాత్రి ఎనిమిదిన్నరకి తినే అలవాటున్న వాళ్ళు అయిదున్నరకి ఆకలి లేదనడం సహజం. ఆ రోజు సాయంత్రం టీతో పాటు కారప్పూస పెట్టకండి.

బుక్ చేసేటప్పుడు అక్కడ రాసే చోట రెండు మాటలు రాయండి: పెద్దవాళ్ళున్నారు, మెట్లెక్కలేరు, ఇద్దరు శాకాహారులు. చంటిబిడ్డ ఉంటే హై చెయిర్ కూడా అడగండి. ఆరుగురు దాటితే కొన్ని చోట్ల టిప్పు బిల్లులోనే కలిపేస్తారు. అది అప్పుడే అడిగి తెలుసుకోండి.

మంగళవారం, శనివారం మాంసం ముట్టని ఇళ్ళుంటాయి. ఏకాదశి ఉంటుంది. ఆగస్టులో వెళ్దామనుకుంటే శ్రావణ మాసం. టేబుల్ దొరికింది కదా అని తేదీ ఖాయం చేసేసి తర్వాత అమ్మని అడగడం కాదు, ముందు అమ్మని అడగాలి.

మూడో మెట్టు: ముందు రోజు రాత్రి మెనూ చదవడం

ఇదే అన్నిటికన్నా ముఖ్యం. దీనికి ఓ అరగంట కేటాయించండి. అమ్మానాన్నల పక్కన కూర్చుని ఫోన్‌లో మెనూ తెరిచి, ఒక్కొక్కటీ తెలుగులో చెప్పండి. ఏది తింటారో, ఏది వద్దో అక్కడే తేలిపోతుంది. రెస్టారెంట్‌లో మసక వెలుతురులో, సన్నటి అక్షరాల్లో, సర్వర్ పక్కన నిలబడి ఉండగా ఈ పని జరగదు.

శాకాహారుల కోసం చదువుతుంటే కళ్ళు బాగా తెరుచుకుని చూడాల్సినవి ఇవి. పాన్‌చెట్టా, ప్రొషూటో, ఎన్‌దూయా, చోరిజో, గ్వాన్‌చాలే: ఇవన్నీ పంది మాంసమే. మెనూలో పోర్క్ అన్న మాటే ఉండదు కాబట్టి తెలియనివాళ్ళు అదేదో ఇటలీ మసాలా అనుకుంటారు. చూడముచ్చటగా వేయించిన బ్రస్సెల్స్ స్ప్రౌట్స్‌లో బేకన్ ముక్కలుండటం సర్వసాధారణం. సీజర్ సలాడ్‌లో ఆకులే కనిపిస్తాయి గానీ, దాని మీద పోసే డ్రెస్సింగ్‌లో ఆంచోవీ చేపలు నూరి కలుపుతారు. కాబ్ సలాడ్‌లో కోడి, బేకన్, గుడ్డు మూడూ ఉంటాయి. కూరగాయల సూప్ అని రాసి ఉన్నా చికెన్ నీళ్ళతో చేసి ఉండొచ్చు. ఫ్రెంచ్ ఆనియన్ సూప్‌లో పోసేది ఎక్కువగా గొడ్డు ఎముకల రసమే. వేపుళ్ళ సంగతి కూడా అడగాలి, బంగాళాదుంపలు వేయించిన నూనెలోనే కోడి ముక్కలు వేయించే చోట్లున్నాయి.

మాంసం తిన్నా బీఫ్ తినని ఇళ్ళే మనలో ఎక్కువ. వాళ్ళకోసం షార్ట్ రిబ్, బ్రిస్కెట్, స్కర్ట్ స్టేక్, హ్యాంగర్ స్టేక్, బొలొనీజ్ అన్న మాటలు గుర్తుపెట్టుకోండి. మీట్‌బాల్స్ కూడా అడిగే తినాలి. వెజ్జీ బర్గర్‌ని బీఫ్ కాల్చిన పెనం మీదే కాలుస్తారేమో కనుక్కోవాలి.

పార్మజాన్ చీజ్ మాట కూడా చెప్పాలి. దాన్ని గడ్డకట్టించడానికి తరచుగా దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. చాలా కుటుంబాలు పట్టించుకోవు. పట్టించుకునే పెద్దవాళ్ళకి మాత్రం తెలియజేసి, నిర్ణయం వాళ్ళకే వదలండి. తెలియదు కదా అని పెట్టేయడం నాకు నచ్చదు. వాళ్ళ నియమం వాళ్ళది.

ఉల్లి, వెల్లుల్లి తినని రోజైతే ఆ రోజు ఈ ప్రయాణమే వద్దు. ఇక్కడి వంటకి వెల్లుల్లి ప్రాణం.

నాలుగో మెట్టు: బయల్దేరే ముందు చెప్పాల్సినవి

లోపలికి వెళ్ళగానే ఖాళీ టేబుల్ చూసుకుని కూర్చోకూడదని, గుమ్మం దగ్గర పేరు చెప్పి నిలబడితే వాళ్ళే తీసుకెళ్తారని చెప్పండి. చాలా చోట్ల బాత్‌రూమ్ ఆడ, మగ అందరికీ ఒక్కటే ఉంటుంది. ఒక్కరు మాత్రమే వాడే బాత్‌రూమ్ అందరికీ తెరిచి ఉండాలని కాలిఫోర్నియాలో 2017 నుంచి చట్టం ఉంది. ఇది ముందే తెలియకపోతే అమ్మ తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తుంది. బయట కూర్చుంటే పక్క టేబుల్ కింద కుక్క పడుకుని ఉండొచ్చు, అదీ చెప్పండి. స్వెట్టర్ తప్పకుండా తీసుకోండి. బే ఏరియాలో జులైలో కూడా సాయంత్రం చలిగాలి కొడుతుంది. హీటర్ పక్క కుర్చీ నానమ్మకి.

ధరలు రూపాయల్లోకి మార్చడం నాన్న మానరు. మానమని కోప్పడకండి. "ఈ ఒక్క పూట లెక్క నాకు వదిలేయండి నాన్నా" అని ముందే అంటే చాలా వరకు వదిలేస్తారు.

అయిదో మెట్టు: ఆర్డర్ చెప్పడం

కూర్చోగానే మంచినీళ్ళు వస్తాయి, గ్లాసు నిండా ఐసుతో. పెద్దవాళ్ళకి "నో ఐస్" అని చెప్పండి. వేడినీళ్ళు అడిగితే చాలా చోట్ల నిమ్మ చెక్క కూడా పెట్టి ఇస్తారు, ఊరికే. తర్వాత సర్వర్‌కి ఒక్కసారే, స్పష్టంగా చెప్పేయండి: ఈ ఇద్దరూ వెజిటేరియన్, నో మీట్, నో ఫిష్, నో చికెన్ బ్రాత్, గుడ్డు పర్వాలేదు లేదా గుడ్డు వద్దు. వెజిటేరియన్ అంటే చేప తింటారనుకునే వాళ్ళు ఇంకా ఉన్నారు. అందుకే విడమరిచి చెప్పడం. ఇక్కడి సర్వర్లు ఈ ప్రశ్నలకి విసుక్కోరు, అనుమానముంటే వంటింట్లోకి వెళ్ళి కనుక్కుని వస్తారు.

ఇప్పుడు అసలు కిటుకు. ఎవరి పళ్ళెం వాళ్ళకి అని చెప్పకండి. అంతా టేబుల్ మధ్యలో పెట్టించి పంచుకోండి. మనిషికో పళ్ళెం పెడితే నచ్చనిది కూడా పారేయలేక అమ్మ కష్టపడి తింటుంది. పంచుకుంటే నచ్చింది మళ్ళీ వేసుకుంటుంది, నచ్చనిది పక్కకి జరుపుతుంది. "టు షేర్" అని చెబితే ఖాళీ ప్లేట్లు తెచ్చిస్తారు.

నలుగురు పెద్దవాళ్ళు, ఇద్దరు పిల్లలు అనుకోండి. మొదటి విడతలో రొట్టె, ఒక సలాడ్, రెండు కూరగాయల పళ్ళేలు చెప్పండి. అవి తినడం మొదలయ్యాక రెండు పిజ్జాలు, ఒక పాస్తా. మాంసాహారులుంటే కాల్చిన కోడి గానీ, చేప గానీ ఒకటి. అంతే. అన్నీ ఒక్కసారి చెబితే అన్నీ ఒక్కసారే వచ్చి చల్లారిపోతాయి. సరిపోకపోతే మళ్ళీ చెప్పుకోవచ్చు. సలాడ్ డ్రెస్సింగ్ విడిగా అడగండి, పుల్లటి వెనిగర్ కొందరికి పడదు.

ఏం చెప్పాలి అంటే, నా అనుభవంలో తెలుగు పెద్దవాళ్ళ దగ్గర ఎప్పుడూ గెలిచేవి కొన్నున్నాయి. షిషీతో లేదా పద్రోన్ అనే పచ్చిమిరపకాయలు ఒకటి. నూనెలో బుడగలు లేచేదాకా మాడ్చి, పైన రాళ్ళుప్పు చల్లి తెస్తారు. తొడిమ పట్టుకుని కొరుక్కోవడమే. ఎక్కువ భాగం కారం ఉండవు గానీ, పదింటిలో ఒకటి గట్టిగా తగులుతుంది. అది ఎవరికి వస్తుందా అని టేబుల్ అంతా చూస్తుంది, ఆ నవ్వులతో బిగువు సడలిపోతుంది. అందుకే దీన్ని మొదటే చెప్పండి.

ఆర్టిచోక్ ఇంకొకటి, పెద్ద పువ్వు మొగ్గలా ఉండే కూరగాయ. మాంటరే దగ్గరి కాస్ట్రోవిల్ చుట్టుపక్కల పండుతుంది. ఉడికించి, నిలువునా కోసి, నిప్పుల మీద కాల్చి ఇస్తారు. రేకు ఒకటి పీకి, వెన్నలోనో నిమ్మరసం కలిపిన మయొనీజ్‌లోనో ముంచి, అడుగు భాగాన్ని పళ్ళ మధ్య పెట్టి లాగి, పీచు పక్కన పడేయాలి. అచ్చం మునక్కాడ తిన్నట్టే. మా అత్తగారికి ఈ ఒక్క ముక్క చెప్పి ఒక రేకు చేతికిచ్చాను. ఫోర్కు పక్కన పెట్టేసి, రేకులన్నీ అయిపోయి లోపలి మెత్తటి అడుగు భాగం బయటపడేదాకా తలెత్తలేదు. మధ్యలో నూగు ఉంటే అది తినకూడదు, గీసి పారేయాలి. మయొనీజ్‌లో గుడ్డు ఉంటుందని శాకాహారులకి గుర్తుచేయండి.

వేసవిలో నాటు టమాటాల పళ్ళెం తప్పక చెప్పండి. పసుపు, ఊదా, ఆకుపచ్చ రంగుల్లో పెద్ద పెద్ద చక్రాలు, మధ్యలో బురాటా అనే మెత్తటి చీజ్ ముద్ద, తులసి జాతికే చెందిన బేసిల్ ఆకులు, ఆలివ్ నూనె, ఉప్పు. వండినది ఏమీ లేదు. వ్యవసాయం తెలిసిన నాన్నల చేత ఇది తినిపించాలి. పండు చెట్టున పండిందో, పెట్టెలో పండిందో వాళ్ళకి ఒక్క ముక్కతో తెలిసిపోతుంది. ఈ వంటలో ఉన్న గొప్పతనమంతా అక్కడే ఉంది, దాన్ని పట్టగలిగే నాలుక మన పెద్దవాళ్ళకి ఉంది.

పిజ్జాల్లో పుట్టగొడుగులది, లేదా టమాటా బేసిల్ ఉన్న మార్గరీటా మంచివి. చేపల పులుసు లేనిదే ముద్ద దిగని గోదావరి జిల్లాల నాన్నకి చిప్పీనో చెప్పండి. శాన్ ఫ్రాన్సిస్కోలో స్థిరపడ్డ ఇటలీ జాలర్లు మొదలుపెట్టిన వంట, టమాటా రసంలో చేప, రొయ్య, పీత, ఆల్చిప్పలు. పుల్లటి సావర్‌డో రొట్టె ముంచుకుని తింటారు. వైన్ పోసి వండుతారు, ఆ అభ్యంతరం ఉంటే మానేయండి.

చేత్తో తినడం గురించి ఎవరూ ఇబ్బంది పడక్కర్లేదు. పిజ్జా, రొట్టె, మిరపకాయలు, ఆర్టిచోక్, పీత అన్నీ ఇక్కడివాళ్ళూ చేత్తోనే తింటారు. సగం భోజనం చేతితో తినేలా ఆర్డర్ చెప్పడం మీ చేతుల్లో ఉంది.

కారం కావాలంటే "చిల్లీ ఫ్లేక్స్" అడగండి, చిల్లీ ఆయిల్ ఉంటే ఇంకా మంచిది. హాట్ సాస్ కూడా ఇస్తారు. ఇంటి నుంచి ఆవకాయ పొట్లం మాత్రం తీసుకెళ్ళకండి. ఒక్క చుక్క పడితే టమాటా, పీచ్, చీజ్ అన్నీ ఆవకాయే అవుతాయి. అది ఇంటికొచ్చాక ఎలాగూ ఉంది.

ఆరో మెట్టు: తీపి

ఇక్కడా చూసుకోవాలి. పానా కోటా గట్టిపడటానికి జెలటిన్ వేస్తారు, అది జంతువుల నుంచి వచ్చేది. తిరమిసులో పచ్చి గుడ్డు, తరచుగా మద్యం ఉంటాయి. ఐస్‌క్రీములు చాలావాటిలో గుడ్డు సొన కలుస్తుంది. అనుమానం లేనిది సార్బే, అంటే పండ్ల రసంతో చేసిన మంచు. వేసవిలో పీచ్ పళ్ళు గానీ, బెర్రీలు గానీ ఉత్తవే గిన్నెలో పెట్టిస్తారా అని అడగండి. షే పనీస్‌లో ఒక గిన్నెడు మంచి పళ్ళు పెట్టి అదే డెజర్ట్ అంటారు. మామిడి పళ్ళు తిని భోజనం ముగించిన వాళ్ళకి ఇది వింతగా అనిపించదు.

ఏడో మెట్టు: బిల్లు

పెద్దవాళ్ళున్న చోట బిల్లు దగ్గర లాగులాట ఖాయం. భోజనం మధ్యలో చేతులు కడుక్కునే వంకతో లేచి సర్వర్‌కి కార్డు ఇచ్చేసి రండి.

లెక్క ఇలా ఉంటుంది. అమ్మకపు పన్ను కాలిఫోర్నియా అంతటా కనీసం 7.25 శాతం, దాని మీద ఊరిని బట్టి మరికొంత. టిప్పు 18 నుంచి 20 శాతం ఇవ్వడం మర్యాద. తిన్నది 150 డాలర్లయితే, పన్ను 9 శాతం అనుకుంటే 13.50, టిప్పు 18 శాతం చొప్పున 27, మొత్తం 190.50. అంటే మెనూలో కనిపించే ధరకి పావు వంతుకు పైగా కలుపుకుని ముందే మనసులో అనుకోండి. కొన్ని చోట్ల సర్‌ఛార్జ్ అని ఇంకో అయిదు శాతమో ఎంతో వేస్తారు. అది మెనూలో స్పష్టంగా కనిపించేలా రాయాలి, కాబట్టి ముందు రోజు రాత్రే చూసుకోవచ్చు. టిప్పు బిల్లులోనే కలిపేసి ఉంటే మళ్ళీ ఇవ్వక్కర్లేదు. చేతికిచ్చే మెషిన్‌లో కనిపించే శాతాలు కొన్నిసార్లు పన్నుతో కలిపిన మొత్తం మీద లెక్కేసినవి ఉంటాయి. కావాలంటే "కస్టమ్" నొక్కి మీరే వేసుకోండి. మీ పెద్దవాళ్ళని ఓపిగ్గా చూసుకున్న సర్వర్‌కి మాత్రం పిసినారితనం చూపకండి.

ఎనిమిదో మెట్టు: ఇంటికొచ్చాక

మిగిలినవి బాక్సులో పెట్టించుకోండి, అడగడానికి సిగ్గుపడే పని కాదు. ఇంట్లో కాస్త అన్నం వండి, పెరుగు తోడుపెట్టి వెళ్ళండి. రాత్రి తొమ్మిదిన్నరకి నాన్న వంటింట్లోకి వచ్చి రెండు ముద్దలు పెరుగన్నం తింటారు. బయట తిన్నది నచ్చలేదని కాదు, అది వాళ్ళ అలవాటు. ఆ రెండు ముద్దలు పడితేనే వాళ్ళకి నిద్ర పడుతుంది. "అక్కడ తినలేదా" అని అడగొద్దు.

మర్నాడు పిజ్జా ముక్కల్ని మైక్రోవేవ్‌లో పెట్టకండి, తోలులా సాగుతాయి. పెనం మీద సన్నటి సెగన మూత పెట్టి అయిదు నిమిషాలు ఉంచితే అడుగు కరకరలాడుతుంది. డ్రెస్సింగ్ కలిసిన సలాడ్ నిలవ ఉండదు, అది రెస్టారెంట్‌లోనే తినేయండి.